మాతృప్రతి, వినియోగప్రతి: పాలమూరు సంస్థాన సాహిత్యం – పీడీఎఫ్ రూపకల్పన

వ్యాససంగ్రహం

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాల సంస్థాన సాహిత్యం తాళపత్రం నుంచి కాగితానికి, కాగితం నుంచి అచ్చుకు, అచ్చు నుంచి పీడీఎఫ్‌కు చేరింది. భద్రపరచడం, చదవడం, వెతకడం, అచ్చువేయడం, వినడం అనే అవసరాలకు ఒకే పీడీఎఫ్ సరిపోదు. ఫైలు పరిమాణాన్ని తగ్గించే ప్రక్రియలో తెలుగు లిపికి ప్రత్యేకమైన కొన్ని గుర్తులు చెరిగిపోతాయి. ఆ నష్టాన్ని ఛందస్సు కూడా పట్టి ఇవ్వలేని సందర్భాలు ఉన్నాయి. కాబట్టి పీడీఎఫ్ రూపకల్పనను పాఠపరిష్కరణలో భాగంగా చూడవలసి ఉందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: సంస్థాన సాహిత్యం, పాలమూరు, పాఠపరిష్కరణ, మాతృప్రతి, పీడీఎఫ్, కుదింపు, యూనికోడ్.

1. ఉపోద్ఘాతం

2016 అక్టోబరు 11న పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లా నుంచి జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాలు ఏర్పడ్డాయి. పరిపాలనకు ఇవి కొత్త జిల్లాలు. సాహిత్యచరిత్రకు మాత్రం పాత సీమలు. విద్వద్గద్వాలగా పేరొందిన గద్వాల, వనపర్తి, ఆత్మకూరు, గోపాలపేట, కొల్లాపురం రాజధానిగా సాగిన జటప్రోలు సంస్థానాలు ఈ మూడు జిల్లాల పరిధిలోనివే.

ఈ సంస్థానాలపై నేడు పరిశోధన ప్రారంభించే విద్యార్థి చేతికి మొదట అందేది తాళపత్రం కాదు, తొలిముద్రణ ప్రతి కూడా కాదు. చరవాణిలోకి దిగిన పీడీఎఫ్. అది ఎవరు స్కాన్ చేసినదో, ఎన్నిసార్లు కుదించినదో, మధ్యలో ఏ పుటలు జారిపోయాయో ఫైలు చెప్పదు. అయినా ఉల్లేఖనాలు అందులోంచే వస్తాయి, సిద్ధాంతగ్రంథంలో నిలుస్తాయి, తరువాతి పరిశోధకులకు ఆధారాలవుతాయి. ఫైలు పరిమాణం తగ్గించడం ఇంటర్నెట్ కేంద్రంలో నిమిషంలో ముగిసే పనిగా చెలామణి అవుతోంది. పాఠానికి సంబంధించినంతవరకు అది ఒక కొత్త లేఖకుడు కొత్త ప్రతి రాయడంతో సమానం. ఆ లేఖకుడి దోషాలను గుర్తించే పద్ధతి ఇంకా మన పరిశోధన శిక్షణలో భాగం కాలేదు.

2. తాళపత్ర దశ: ప్రతి వెనుక ప్రయోజనం

సంస్థానాల్లో గ్రంథరచనతోపాటు గ్రంథలేఖనం కూడా సాగింది. ఆస్థానంలో భద్రపరచడానికి, పాఠశాలలో చెప్పడానికి, పండితుడు వెంట తీసుకుపోవడానికి వేర్వేరు ప్రతులు అవసరమయ్యేవి. ఆకు పొడవు, పంక్తుల సంఖ్య, వ్యాఖ్యానం చేర్చాలా వద్దా అనేవి ప్రయోజనాన్ని బట్టి మారేవి. చదువుకునే ప్రతిలో వ్యాఖ్య ముఖ్యం. భద్రపరచే ప్రతిలో మూలం ముఖ్యం. ఒకే గ్రంథానికి వేర్వేరు అవసరాల ప్రతులు ఉండడం కంప్యూటరుతో వచ్చిన ఆలోచన కాదు.

లేఖకదోషాలకు విరుగుడును కూడా ఆ సంప్రదాయమే కనిపెట్టింది. ఒక గ్రంథానికి దొరికినన్ని ప్రతులు సేకరించి, పండితుల చేత పాఠాంతరాలు గుర్తింపజేసి, శుద్ధప్రతి రాయించడం సి.పి. బ్రౌన్ (1798–1884) అనుసరించిన మార్గం. శుద్ధప్రతి సిద్ధమైందని ఆయన మూలప్రతులను పారవేయలేదు. ఆయన సేకరణ మద్రాసు ప్రాచ్యలిఖిత పుస్తకభాండాగారానికి చేరడం వల్లనే తరువాతి పరిష్కర్తలు ఆయన నిర్ణయాలను కూడా తిరిగి పరీక్షించగలిగారు. మాతృప్రతి నిలిచి ఉంటేనే వినియోగప్రతిని సరిదిద్దుకోగలమన్న సూత్రం ఇక్కడ స్పష్టమవుతుంది.

జటప్రోలు సంస్థానం ఈ సూత్రానికి గట్టి ఉదాహరణ. సురభి మాధవరాయలు రచించిన చంద్రికాపరిణయం శ్లేష, చిత్రకవిత్వాలతో కూడిన ప్రబంధం. ఆ సంస్థానంతో సంబంధమున్న ఎలకూచి బాలసరస్వతి రచించిన రాఘవ యాదవ పాండవీయం త్ర్యర్థికావ్యం. రాముని కథ, కృష్ణుని కథ, పాండవుల కథ ఒకే పద్యంలో నడవాలి. ఇటువంటి కావ్యంలో ఒక అక్షరం మారితే పద్యం చదవడానికి నడుస్తూనే ఉండవచ్చు. మూడర్థాలలో ఒకటి మాత్రం తెగిపోతుంది. అక్షరశుద్ధిపై ఇంతగా ఆధారపడిన సాహిత్యం మరొకటి అరుదు.

3. అచ్చు దశ: దొరికినది నిలిచింది

అచ్చు వచ్చాక సంస్థాన సాహిత్యం రాజధానుల ఎల్లలు దాటింది. తిరుపతి వేంకటకవులు గద్వాల, ఆత్మకూరు, వనపర్తి సంస్థానాలను దర్శించిన సందర్భాల పద్యాలు నానారాజసందర్శనము ద్వారా తెలుగు నాడంతటా చేరాయి. నేటి జోగులాంబ గద్వాల జిల్లాకు చెందిన సురవరం ప్రతాపరెడ్డి (1896–1953) 1926లో గోలకొండ పత్రికను ప్రారంభించారు. తెలంగాణలో కవులే లేరన్న మాటకు సమాధానంగా 354 మంది కవులతో 1934లో గోలకొండ కవుల సంచిక వెలువడింది. అచ్చులో కనిపించకపోవడాన్ని లేకపోవడంగా లెక్కించే ధోరణికి ఆ సంచిక గట్టి జవాబు. తూమాటి దోణప్ప ఆంధ్ర సంస్థానములు – సాహిత్యపోషణము (1969), కపిలవాయి లింగమూర్తి (1928–2018) స్థలచరిత్ర రచనలు, అలంపురానికి చెందిన గడియారం రామకృష్ణశర్మ (1919–2006) శాసన పరిశోధన ఆ పనిని కొనసాగించాయి.

గోలకొండ కవుల సంచిక ఎదుర్కొన్న ప్రశ్న ఇప్పుడు మరో రూపంలో వచ్చింది. నాడు అచ్చులో లేనిది లేనట్టే. నేడు వెతుకులాటలో దొరకనిది లేనట్టే. దొరకడం, దొరకకపోవడం పీడీఎఫ్ తయారైన తీరును బట్టి ఉంటాయి.

4. స్కానింగు దశ: మిలియన్ పుస్తకాలు, మసకైన పుటలు

చిత్తూరు జిల్లా కాటూరులో జన్మించిన రాజ్ రెడ్డి కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం నుంచి నడిపించిన మిలియన్ బుక్ ప్రాజెక్టు భారతదేశంలో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాగా రూపొందింది. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ దీనికి కేంద్రం. హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీ ప్రధాన స్కానింగు కేంద్రాలలో ఒకటి. అంగుళానికి 600 చుక్కల చొప్పున, నలుపు తెలుపులుగా మాత్రమే, పుటకొక టిఫ్ ఫైలుగా స్కాన్ చేయడం ఆ పథకం ఎంచుకున్న ప్రమాణం. వేల తెలుగు గ్రంథాలు ఆ విధంగా అందరికీ అందాయి. తెలుగు సాహిత్య పరిశోధన ఆ పథకానికి ఎంతో రుణపడి ఉంది.

ఆ ప్రమాణంలోనే ఒక పరిమితి ఉంది. నలుపు తెలుపు స్కానింగులో మధ్యచ్ఛాయలుండవు. ఒక చుక్క సిరానో కాగితమో యంత్రం నిర్ణయించాలి. పసుపుబారిన కాగితం మీద పలచబడిన సిరా తెల్లగా తేలిపోవచ్చు. వెనుక పుట నుంచి ఊరిన మరక నల్లగా నిలవవచ్చు. రెండో పరిమితి గ్రంథవివరాలది. తెలుగు శీర్షికలు రోమన్ లిపిలో, స్థిరమైన పద్ధతి లేకుండా నమోదు కావడంతో ఒకే గ్రంథం నాలుగైదు విధాలుగా కనిపించింది. తెలుగు వికీపీడియా సభ్యులు ఈ గ్రంథాల జాబితాలను తెలుగు లిపిలో తయారుచేయడానికి ప్రత్యేక ప్రాజెక్టే చేపట్టవలసి వచ్చింది.

తరువాత ఈ గ్రంథాలలో అధికభాగం ఇంటర్నెట్ ఆర్కైవ్‌కు చేరాయి. సాధారణంగా ఆ సంస్థ స్కాన్ చేసిన గ్రంథాలకు పుటల బొమ్మలు మూలంగానూ, పీడీఎఫ్ వాటి నుంచి పుట్టిన వినియోగప్రతిగానూ ఉంటాయి. డిజిటల్ లైబ్రరీ గ్రంథాల విషయంలో అక్కడికి మూలంగా చేరింది పీడీఎఫే. పుటల బొమ్మలను అందులోంచి వెలికితీశారు. ఇక్కడ వినియోగప్రతే మాతృప్రతి స్థానంలో కూర్చుంది.

కృష్ణాతీరంలో కూడవెల్లి సంగమేశ్వరాలయం శ్రీశైలం జలాశయం ముంపుకు లోనైనప్పుడు, రాతికి రాతికి గుర్తు వేసి విప్పి, అలంపురంలో మళ్ళీ నిర్మించారు. ఏ రాయి ఎక్కడిదో తెలిసినందువల్లనే అది మళ్ళీ ఆలయమైంది. గ్రంథం ఒక రూపం నుంచి మరో రూపానికి మారేటప్పుడు ఆ గుర్తులే ముద్రణ సంవత్సరం, ప్రచురణకర్త, పుటసంఖ్యలు, స్కాన్ వివరాలు. అవి లేని ఫైలు విప్పి కుప్పపోసిన రాళ్ళ వంటిది.

5. పీడీఎఫ్: ఒకే పేరు, పలు రూపాలు

పీడీఎఫ్‌ను అడోబీ సంస్థ 1993లో విడుదల చేసింది. ఏ యంత్రంలో తెరిచినా పుట ఒకేలా కనిపించాలన్నది దాని ఆశయం. 2008లో అది ఐ.ఎస్.ఓ. 32000 పేరుతో అంతర్జాతీయ ప్రమాణమైంది. అయితే అంతకుముందే వేర్వేరు వినియోగాలకు వేర్వేరు ఉపప్రమాణాలు మొదలయ్యాయి. ముద్రణాలయాల కోసం పీడీఎఫ్-ఎక్స్, దీర్ఘకాల భద్రత కోసం 2005లో పీడీఎఫ్-ఏ, దృష్టిలోపం ఉన్నవారు సైతం ఉపయోగించుకునేలా 2012లో పీడీఎఫ్-యూఏ వచ్చాయి. పీడీఎఫ్ అన్న ఒక్క పేరు కింద ప్రయోజనాలు వేరైన ప్రతులు ఉన్నాయన్న సంగతిని ఈ ప్రమాణాలే అంగీకరిస్తున్నాయి.

పరిమాణం ఎందుకు సమస్య అవుతుందో లెక్క చూస్తే తెలుస్తుంది. ఐదున్నర అంగుళాల వెడల్పు, ఎనిమిదిన్నర అంగుళాల ఎత్తు ఉన్న పుటను అంగుళానికి 600 చుక్కలతో స్కాన్ చేస్తే 3300 × 5100, అంటే సుమారు కోటీ 68 లక్షల చుక్కలు వస్తాయి. కుదించకుండా దాస్తే నలుపు తెలుపులో 2.1 మెగాబైట్లు, బూడిదరంగు ఛాయల్లో 16.8 మెగాబైట్లు, రంగుల్లో 50 మెగాబైట్లకు పైగా అవుతుంది. 300 పుటల గ్రంథం బూడిదరంగులోనే 5 గిగాబైట్లు దాటుతుంది. చరవాణిలో ఇది తెరుచుకోదు. కుదింపు తప్పనిసరి. ఏ ప్రతిని, ఏ పద్ధతిలో, ఎంతవరకు కుదించాలన్నదే నిర్ణయించుకోవలసిన విషయం.

6. కుదింపు – లిపినష్టం

కుదింపు రెండు విధాలు. నష్టరహిత కుదింపులో విప్పినప్పుడు ప్రతి చుక్కా తిరిగి వస్తుంది. నష్టసహిత కుదింపులో కంటికి అంతగా తెలియదని భావించిన సమాచారం శాశ్వతంగా పోతుంది. చుక్కల సాంద్రతను తగ్గించడం కూడా నష్టసహితమే.

6.1 చుక్కల సాంద్రత

12 పాయింట్ల అచ్చక్షరం కట్టె ఎత్తు అంగుళంలో ఆరో వంతు. 600 చుక్కల స్కాన్‌లో దానికి 100 చుక్కల ఎత్తు దక్కుతుంది. 300లో 50, 150లో 25, 75లో 12 చుక్కలు. మహాప్రాణాన్ని సూచించే చిన్న గీత మందం అందులో ఇరవయ్యో వంతు అనుకుంటే, 600లో దానికి 5 చుక్కలు, 300లో రెండున్నర, 150లో ఒకటికి కాస్త ఎక్కువ, 75లో ఒక్క చుక్క కూడా మిగలదు. చదువరి అక్షరాన్ని పోల్చుకోగలడు గాని, అది ద-కారమో ధ-కారమో చెప్పలేడు.

6.2 ఛందస్సు పట్టని దోషం

తాళపత్ర పరిష్కర్తకు ఛందస్సు గొప్ప సాధనం. పూర్ణబిందువు జారితే గురువు లఘువవుతుంది, గణం చెడుతుంది, దోషం బయటపడుతుంది. కుదింపు వల్ల మొదట చెడే గుర్తుల విషయంలో మాత్రం ఈ సాధనం తరచు పనిచేయదు. ద–ధ, ప–ఫ, బ–భ, డ–ఢ, చ–ఛ జంటల్లో ఒత్తు పోయినా మాత్రలు మారవు. త-థ-ద-ధ, ప-ఫ-బ-భ వంటి అక్షరాలకు వర్గయతి చెల్లుతుంది కనుక యతిస్థానంలో కూడా దోషం దొరకదు. పద్యం నిర్దుష్టంగా నడుస్తుంది. అర్థం మాత్రం మారుతుంది. ‘ధార’ ‘దార’గా, ‘ప్రధానము’ ‘ప్రదానము’గా మారినప్పుడు రెండూ సాధుపదాలే కనుక నిఘంటువు కూడా ఆపదు. ప్రాసస్థానంలో తప్ప ఈ దోషానికి ఛందస్సు కాపలా లేదు.

అరసున్న స్థితి కూడా ఇటువంటిదే. ‘ఏడు’ సంఖ్య, ‘ఏఁడు’ సంవత్సరం. అరసున్న చెరిగినా అక్షరం గురులఘుత్వం మారదు. పాత ముద్రణల్లోని తెలుగు అంకెల్లో ౨, ౩ రూపాలు దగ్గరగా ఉంటాయి. శకవర్షంలో ఒక అంకె మారితే కవికాలమే మారుతుంది. పక్కన ప్రభవాది సంవత్సరనామం ఉంటే సరిచూసుకోవచ్చు. అది లేని చోట తప్పు తేదీయే చరిత్రగా స్థిరపడే ప్రమాదం ఉంది.

6.3 పోలిక పేరిట మార్పిడి

నలుపు తెలుపు పుటల కోసం వచ్చిన జేబిగ్-2 కుదింపు పుటలో పోలిన అక్షరాలను గుర్తించి, ఒకే బొమ్మను నిల్వచేసి, మిగిలిన చోట్ల దాన్నే వాడుకోగలదు. నష్టసహిత రీతిలో ఇది ప్రమాదకరం. 2013లో జర్మనీకి చెందిన డేవిడ్ క్రీసెల్ ఒక ప్రసిద్ధ సంస్థ స్కానింగు యంత్రాలు పత్రాల్లోని 6ను 8గా మారుస్తున్నట్టు నిరూపించారు. ఆ పుటల్లో మసక లేదు; అంకె స్పష్టంగా ఉంది, తప్పుగా ఉంది. మసకబారిన అక్షరం పాఠకుణ్ణి హెచ్చరిస్తుంది. స్పష్టమైన తప్పు నమ్మిస్తుంది. ఒక చిన్న గీతతోనే అల్పప్రాణ మహాప్రాణాలు వేరయ్యే తెలుగు లిపికి ఈ రీతి అసలు తగదు. శ్లేషకావ్యాలకు మరీ తగదు.

7. వినియోగాన్ని బట్టి రూపకల్పన

పై చర్చను బట్టి ఒక గ్రంథానికి ఈ కింది ప్రతులు సిద్ధం చేసుకోవడం మేలు.

భద్రప్రతి: అంగుళానికి 400 నుంచి 600 చుక్కలు, బూడిదరంగు లేదా రంగు, నష్టరహిత కుదింపు. పుటల బొమ్మలను విడిగా ఉంచి, వాటితోపాటు పీడీఎఫ్-ఏ రూపాన్ని కూడా దాచాలి. ఈ రూపం ఫాంట్లను ఫైలులోనే నిక్షిప్తం చేయాలంటుంది. తాళం వేయడాన్ని అనుమతించదు. భద్రప్రతిని ఎన్నడూ కుదించరాదు, కనీసం రెండు వేర్వేరు చోట్ల ఉంచాలి.

పఠనప్రతి: చరవాణిలో చదవడానికి 200 నుంచి 300 చుక్కలు, బూడిదరంగు. అక్షరాలను ఒక పొరగా, కాగితపు రంగును మరో పొరగా వేరుచేసే పద్ధతిలో అక్షరాన్ని పదునుగా ఉంచి నేపథ్యాన్ని గట్టిగా కుదించవచ్చు. ఫైలు అంతా దిగకముందే మొదటి పుట తెరుచుకునేలా ‘ఫాస్ట్ వెబ్ వ్యూ’ అమరిక చేర్చాలి. పెద్ద గ్రంథాన్ని ఆశ్వాసాల వారీగా విడదీయవచ్చు గాని, ప్రతి భాగంలోనూ ముఖపత్రం ఉండాలి. ముఖపత్రం లేని ఆశ్వాసం అనామక గ్రంథమవుతుంది.

శోధనప్రతి: పుట బొమ్మ వెనుక యంత్రం గుర్తించిన అక్షరాల పొరను చేర్చడం. టెసరాక్ట్ వంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ తెలుగును గుర్తిస్తుంది. పాత అచ్చులోని అరసున్నలు, శకటరేఫలు, గొలుసుకట్టు సంయుక్తాక్షరాల దగ్గర యంత్రం తడబడుతుంది. అందుచేత ఈ పొర పద్యం ఉన్న పుటను పట్టుకోవడానికి పనికొస్తుంది; ఉల్లేఖనానికి బొమ్మనే ఆశ్రయించాలి. అక్షరాల గుర్తింపును భద్రప్రతి మీదే చేయాలి. కుదించిన తరువాత చేస్తే దోషాలు రెట్టింపవుతాయి.

ముద్రణప్రతి: పునర్ముద్రణకు కనీసం 300 చుక్కలు, నిక్షిప్తమైన ఫాంట్లు, ముద్రణాలయం కోరిన రంగుల పద్ధతి అవసరం. చరవాణి ప్రతి నుంచి పునర్ముద్రణకు పూనుకుంటే కుదింపు దోషం మళ్ళీ కాగితానికెక్కి, కొత్త ముద్రణ అన్న గౌరవంతో చెలామణి అవుతుంది.

శ్రవణప్రతి: దృష్టిలోపం ఉన్న విద్యార్థులకు పుట బొమ్మ తెల్లకాగితంతో సమానం. పాఠం యూనికోడ్‌లో ఉండి, భాష తెలుగు అని ఫైలు చెప్పి, శీర్షికలకు, పద్యాలకు, వచనానికి వేర్వేరు గుర్తులుంటేనే తెరచదువరి సాఫ్ట్‌వేర్ దాన్ని సక్రమంగా చదువుతుంది.

8. నేటి రచన, రేపటి మూలం

పాత గ్రంథాలకే కాక నేడు రాస్తున్న సిద్ధాంతగ్రంథాలకు కూడా ఈ చర్చ వర్తిస్తుంది. విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2009 నిబంధనల తరువాత సిద్ధాంతగ్రంథాలు శోధగంగకు చేరుతున్నాయి. అక్కడ అధ్యాయానికొక పీడీఎఫ్ కనిపిస్తుంది. తెలుగు డీటీపీలో చిరకాలం అను వంటి యూనికోడేతర ఫాంట్లే రాజ్యమేలాయి. వాటిలో కూర్చిన పుట కంటికి చక్కని తెలుగే. ఫైలు లోపల ఉండేవి మాత్రం తెలుగు అక్షరసంకేతాలు కావు. ‘గద్వాల’ అని యూనికోడ్‌లో వెతికితే, పుటపుటకూ గద్వాల పేరున్న అధ్యాయం కూడా ఒక్క ఫలితం ఇవ్వదు. ఏళ్ళ తరబడి సంస్థాన గ్రామాలు తిరిగి సేకరించిన సమాచారం అందుబాటులో ఉండి కూడా కనిపించకుండా పోతుంది. ముద్రించిన ప్రతిని తిరిగి స్కాన్ చేసి పీడీఎఫ్ చేసినా ఫలితం అదే, పైగా పరిమాణం పెరుగుతుంది.

యూనికోడ్‌లో రాసిన గ్రంథం పరిమాణంలో కూడా తేలిక. తెలుగు సంకేతానికి సాధారణంగా 3 బైట్లు పడతాయి. పుటకు 1200 సంకేతాల చొప్పున 300 పుటల పాఠం ఒక మెగాబైటుకు కాస్త ఎక్కువ. స్కాన్ చేసిన పుటల బొమ్మలతో దీనికి పోలికే లేదు. అయితే యూనికోడ్ ఫైలును పీడీఎఫ్‌గా మార్చినప్పుడు కూడా గుణింతాలు, వత్తులు లోపల క్రమం తప్పే సందర్భాలున్నాయి. సమర్పణకు ముందు ఒక పేరాను పీడీఎఫ్ నుంచి నకలు తీసి వేరొక చోట అతికించి చూడడం కనీస పరీక్ష. అక్షరాలు సరిగా దిగితే ఫైలు వెతుకులాటకు పనికొస్తుంది.

9. ముగింపు

సంస్థానాలు విలీనమయ్యాయి, రాజపోషణ ముగిసింది. వనపర్తి రాజప్రాసాదం 1959లో పాలిటెక్నిక్ అయింది. ఆస్థానాలు కాపాడిన గ్రంథాల బాధ్యత ఇప్పుడు గ్రంథాలయాలకు, కళాశాలలకు, పరిశోధకులకు వచ్చింది. ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి:

1. పీడీఎఫ్ కుదింపు కొత్త ప్రతిలేఖనమే. లేఖకదోషాలను పరిశీలించినట్లే కుదింపు దోషాలనూ పరిశీలించాలి.

2. కుదింపు వల్ల మొదట నష్టపోయే మహాప్రాణ చిహ్నాలు, అరసున్నలు ఛందఃపరీక్షకు తరచు అందవు. కనుక కుదించిన ప్రతిని విడుదల చేసే ముందు ద-ధ-థ, ప-ఫ, బ-భ, డ-ఢ, చ-ఛ, అరసున్న, ౨-౩ ఉన్న కొన్ని పుటలను భద్రప్రతితో పోల్చి చూసే అక్షరపరీక్ష అవసరం.

3. శ్లేష, ద్వ్యర్థి, త్ర్యర్థి కావ్యాలకు నష్టసహిత జేబిగ్-2 కుదింపును వాడరాదు.

4. ఉల్లేఖనంలో గ్రంథం ముద్రణ వివరాలతోపాటు చూసినది ముద్రితప్రతియో పీడీఎఫ్ ప్రతియో, పీడీఎఫ్ అయితే ఎక్కడిదో పేర్కొనాలి.

5. మూడు జిల్లాల కళాశాల గ్రంథాలయాలు తమ వద్దనున్న తొలిముద్రణలను స్కాన్ చేసినప్పుడు, పఠనప్రతిని పంచుకోవడంతోపాటు భద్రప్రతిని వివరాలతో సహా దాచాలి. స్కాన్ అయిందన్న కారణంతో కాగితపు ప్రతిని వదిలించుకోరాదు.

గోలకొండ కవుల సంచిక 354 మంది కవులను పేర్లతో సహా కళ్ళముందుంచి, లేరన్న మాటను తిప్పికొట్టింది. ఆ కవుల పద్యాలు వెతికితే దొరకాలి; దొరికినప్పుడు వారు రాసిన అక్షరాలతోనే కనిపించాలి. పాలమూరు పరిశోధకుల ముందున్న పని ఇది.